ఆశీర్వాదం సారు రంగు కాగితాలు

ఆ రోజు పొద్దున ఆశీర్వాదం సారు చేయవలసిన పనులు చాలానే ఉన్నాయి. బడి ముందు మేకలు వేసిన పెంటికలు ఊడ్పించాలి. నల్లబల్లకు ఆకు పసరు, బొగ్గు కలిపి రుద్దాలి. ఇన్‌స్పెక్టర్ సారు కూర్చోవడానికి భూమన్న ఇంటి నుంచి చేతుల కుర్చీ తేవాలి. దాని విరిగిన కాలికి తాడు కట్టాలి. చాయ్‌కి పాలు చెప్పి ఉంచాలి. కన్ను, చెవి బొమ్మలున్న పెద్ద పటం గోడకు వేలాడదీయాలి. పిల్లల అంగీలకు రంగు కాగితాలు ఉన్నాయో లేవో చూడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చివరిది: బదిలీ మాట తను ఎత్తకూడదు, ఇన్‌స్పెక్టర్ సారే ఎత్తేటట్టు చూడాలి.

ఊరి పేరు లింగుగూడ. ఉట్నూరు నుంచి అడవి తోవలో పోవాలి. వానాకాలం అయిపోయి వాగు ఇంకితే జీపు బడి దాకా వస్తుంది, లేకపోతే సారే వాగు దాకా పోవాలి. అది ఎనభై ఆరు, కార్తీకం. ఆశీర్వాదం ఆ బడికి వచ్చి రెండేళ్ళు దాటింది. భార్య సంతోషమ్మ కరీంనగర్ జిల్లా హుస్నాబాద్‌లో, సర్కారు ఆస్పత్రిలో నర్సు. మధ్యలో గోదావరి, రెండు మూడు బస్సులు, బస్సు దొరకని స్టాండ్లు. వాళ్ళ బిడ్డ రూతుకు మూడో ఏడు నడుస్తున్నది.

ఆ పిల్లకు తండ్రిని నేర్పడానికి సంతోషమ్మ చేయని ప్రయత్నం లేదు. డిగ్రీ పట్టా నాడు నల్ల గౌను వేసుకుని దిగిన ఫోటో గోడకు కొట్టి, రోజూ సాయంత్రం చూపించి, "గాయిన ఎవరు బిడ్డా?" అని అడిగేది. "బాపు" అని పిల్ల టక్కున చెప్పేది. తీరా మొన్న దసరాకు ఆశీర్వాదం గడపలో నిలబడితే, రూతు ఆయన్ను చూసింది, గోడ మీది ఫోటోను చూసింది, లోపలికి తల్లి దగ్గరికి ఉరికింది. "అవ్వా! ఎవరో సారొచ్చిండు!"

సంతోషమ్మ నవ్వింది. ఆశీర్వాదం కూడా నవ్వాడు. కాని తిరుగు బస్సులో ధర్మపురి దాకా ఆ మాటే చెవిలో మోగింది. ఇన్‌స్పెక్టర్ జలపతిరావు మాత్రం ఒక మాట అని ఉన్నాడు: "కొత్త పద్ధతిల ఒక నమూనా పాఠం చెప్పి చూపెట్టవయ్యా. మంచిగుంటె నీ గురించి పైకి రాస్త." నమూనా పాఠం ఈ రోజే.

ఆశీర్వాదం వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. తండ్రి మోషే ఇంకొకరి పొలంలో జీతం ఉన్నవాడు. తల్లి మగ్దలేనమ్మకు అక్షరం రాదు కాని, చదివించడం వచ్చు. ఆమె వడ్లు దంచుతుంటే కొడుకు పక్కన కూర్చుని గట్టిగా చదవాలి. వాడి గొంతు ఆగితే ఆమె రోకలి ఆగేది. "ఏంరా, చదువైపోయిందా, నిద్రొచ్చిందా?" ఏం చదువుతున్నాడో ఆమెకు తెలియదు; చదువుతున్నాడని మాత్రం వాడకట్టుకంతా తెలిసేది. అట్లా గొంతుతో డిగ్రీ దాకా వచ్చినవాడు, తాను సారైనాక గొంతుతోనే చదువు చెప్పాడు. ఆయనకు తెలిసిన తోవ అదొక్కటే. రెండేళ్ళు ఎక్కాలు, పద్యాలు, నదుల పేర్లు అరిచి చెప్పాడు. ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లలు ఆ తెలుగును అంతకంటే గట్టిగా అరిచి అప్పజెప్పారు. "గోదావరి ఎక్కడున్నది?" అని అడిగితే "పుస్తకంల" అన్నారు.

ఈ వానాకాలంలో ఆదిలాబాద్‌లో శిక్షణ జరిగింది. "పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా నేర్చుకుంటారు. కొందరు విని, కొందరు చూసి, కొందరు చేసి. మీరు ఎట్లా నేర్చుకున్నారో అట్లాగే వాళ్ళూ నేర్చుకోవాలని పట్టుబట్టకండి" అన్నది శిక్షణ ఇచ్చిన మేడం. ఆశీర్వాదానికి కళ్ళు తెరుచుకున్నాయి. మేడం ఇంకా ఏదో చెప్పబోతుండగా ఉట్నూరు బస్సుకు వేళయింది.

ఆయన ఏ పనైనా శ్రద్ధగా చేసే మనిషి. ఊరికి రాగానే ఎవరిది ఏ తీరో తేల్చడానికి పిల్లల్ని ఒక్కొక్కరిని పిలిచాడు. వెనక నిలబడి చెవిలో మెల్లగా మాటలు చెప్పి, తిరిగి చెప్పమన్నాడు. దూరం నుంచి బొమ్మలు ఎత్తిపట్టి, ఏమేం కనబడ్డాయో అడిగాడు. కళ్ళు మూయించి, చేతిలో గింజలు, గులకరాళ్ళు పెట్టి, ఏమిటో చెప్పమన్నాడు. విని నేర్చుకునే పిల్లల అంగీకి తెల్ల కాగితం, చూసి నేర్చుకునే వాళ్ళకు ఆకుపచ్చది, చేసి నేర్చుకునే వాళ్ళకు ఎర్రది గుండుసూదితో గుచ్చి, మూడు వరుసలుగా కూర్చోబెట్టాడు. "సోమవారం జీపుల పెద్దసారు వస్తడు. ఎవరికే కాగితమున్నదో చూస్తడు. పోగొట్టుకోకుండ్రి" అని మరీమరీ చెప్పాడు.

పిల్లలు ఇళ్ళకు పోయి జరిగింది జరిగినట్టే చెప్పారు. సారు చెవిలో గుసగుసలాడి వినబడుతున్నదా అని అడిగాడు. దూరం నుంచి చూపించి కనబడుతున్నదా అని అడిగాడు. కాగితాలు గుచ్చాడు. జీపులో పెద్దసారు వస్తాడు. పెద్దలకు ఇంకొకరు విడమరిచి చెప్పే పని లేకపోయింది. పోయిన ఏడు ఉట్నూరులో కంటి శిబిరం పెట్టినప్పుడు కూడా ఇట్లాగే చూసి, ఇట్లాగే చీటీలు గుచ్చారు: మందు చాలే వాళ్ళకు తెల్లది, అద్దాలు కావలసిన వాళ్ళకు ఆకుపచ్చది, ఆపరేషన్ చేయవలసిన వాళ్ళకు ఎర్రది. ఒక్క పూటలో లింగుగూడకే కాదు, చుట్టుపక్కల గూడేలన్నిటికీ సంగతి తెలిసిపోయింది. తెలియనిది సారు ఒక్కడికే.

సోమవారం పొద్దున అందరికంటే ముందు కిష్టవ్వ వచ్చింది. మూడో తరగతి పోచన్నకు నాయనమ్మ. కట్టె పొడుచుకుంటూ వచ్చి, అప్పుడే తాడు కట్టిన చేతుల కుర్చీలో కూర్చున్నది.

"అవ్వా, అది పెద్దసారుకు పెట్టిన కుర్చీ."

"వచ్చేదాక కూసుంట బిడ్డా. ఆయన నిలవడే చూస్తడు గదా."

నిజమే, ఇన్‌స్పెక్టర్లు కొన్నిసార్లు నిలబడి కూడా చూస్తారు అనుకున్నాడు ఆశీర్వాదం.

"నన్నే ముందుగాల పిలువుమను. పోయినేడు లైన్ల నిలవడి నిలవడి, నా వంతు రాకముందే జీపు పోయింది."

"పోయినేడు యాడికి పోయినవవ్వా?"

"ఉట్నూరుకు. నడిచే పోయిన."

ఉట్నూరులో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి నడిచిందని ఆయన విన్నాడు. ఈ వయసులో చదువు కోసం అంత దూరం నడిచిందా అని ఆయన గుండె కరిగిపోయింది. "అట్లనే అవ్వా, నీ పేరే ముందు చెప్త" అని మాటిచ్చాడు.

అంతలో ఎడ్లబండ్లు రావడం మొదలైంది. మొదటి బండి భూమన్నది. అందులో ఆయన తల్లి, అత్త, పక్క గూడెం ముసలాయన ఒకడు, గొంగళ్ళు, బియ్యం మూట, రెండు వంట గంజులు.

"భూమన్నా, గీ గొంగళ్ళెందుకే?"

"మూడు దినాలు పండవెడ్తరట గదా సారూ. బువ్వ మీరే పెడ్తరా, మేం వండుకోవాల్నా?"

"గంతసేపు ఏముంటది భూమన్నా? ముప్పావు గంటల అయిపోతది."

"ముప్పావు గంటలనా!" భూమన్న బండి వైపు తిరిగి కేకేశాడు. "అత్తా, ఫికర్ చెయ్యకు! కొత్త మిషన్ వచ్చిందట!"

బోధనా పద్ధతిని మిషన్ అంటున్నాడేమో అనుకున్నాడు ఆశీర్వాదం. మెచ్చుకున్నాడు కూడా. ఒక పాఠం చూడడానికి ఇన్ని ఊళ్ళు కదిలి వస్తాయా? ఈ జనాన్ని చూసి జలపతిరావు ఏమంటాడు? 'ఇట్లాంటి సారు హుస్నాబాద్‌కే కావాలె' అనడూ? ఆయన ఊహలో బస్సు అప్పుడే గోదావరి వంతెన ఎక్కింది. గడపలో రూతు నిలబడి ఉన్నది. ఈసారి లోపలికి ఉరకడం లేదు.

ఎవరో కాళ్ళు పట్టుకుంటే ఊహ తెగింది. పోచన్న తల్లి సత్తమ్మ.

"సారూ, నీ కాల్మొక్త. మా పోరనికి గీ ఎర్రది తీసెయ్యి. తెల్లది పెట్టు."

"లెవ్వమ్మా, లెవ్వు. ఎర్రదంటె తక్కువ కాదు. వాడు చేతులతోటి నేర్చుకుంటడని గట్ల పెట్టిన."

"వాని చేతులకేమైంది?"

"ఏం కాలే. చేతులు మంచిగున్నయి."

"మరి మంచిగున్న చేతుల్ని కోసుడేంది సారూ?"

"ఎవరు కోస్తరు?"

"జీపుల డాక్టరు!"

ఆశీర్వాదం తలెత్తి, పొద్దున్నుంచి చూస్తున్న జనాన్నే మొదటిసారి చూశాడు. కంటికి గుడ్డ కట్టుకున్నవాళ్ళు, చెవిలో దూది పెట్టుకున్నవాళ్ళు, ఒకరి భుజం పట్టుకుని ఒకరు నడుస్తున్నవాళ్ళు. అందరూ ఆశగా, తాను పొద్దున గోడకు వేలాడదీసిన చేటంత కన్నును, చేటంత చెవిని చూస్తూ కూర్చున్నారు. వాళ్ళకు ఏమని చెప్పాలి? ఎట్లా చెప్పాలి? నోరు తెరిచేలోపు జీపు హారన్ మోగింది.

జీపు చప్పుడు వినగానే కొందరు మొగవాళ్ళు జొన్నచేలో పడి మాయమయ్యారు. వాళ్ళకు జీపు అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒక్కటే తెలుసు. మిగిలిన వాళ్ళంతా జీపును చుట్టుముట్టారు. జలపతిరావు ధర్మపురి మనిషి. పెద్ద కోటు, పెద్ద గొంతు. ఒక కాలు కింద పెట్టాడో లేదో, కిష్టవ్వ ఆయన చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో తన కంటి రెప్ప కిందికి లాగి చూపించింది.

"చూడు బిడ్డా, ముందు నన్నే చూడు. సారు మాటిచ్చిండు."

"నర్సింహస్వామీ! ఏందమ్మా ఇది?"

"గదే నేను అడుగుతున్న. ఏందిది, పొరా, పువ్వా?"

జలపతిరావు చెయ్యి విడిపించుకుని బడి మెట్టెక్కి, సభల్లో మాట్లాడినట్టు గొంతు సవరించుకున్నాడు. "గ్రామస్థులారా! విద్యాశాఖ తరఫున పర్యవేక్షణ నిమిత్తము విచ్చేసిన నేను..." అని అందుకున్నాడు. జనం శ్రద్ధగా విన్నారు.

"ఏమంటుండు?" అని భూమన్న తల్లి అడిగింది.

"మందుల పేర్లు చదువుతుండు" అన్నాడు భూమన్న.

జలపతిరావుకు చెమట పట్టింది. "నేను కండ్ల డాక్టర్ను కాదు!" అని అరిచాడు.

భూమన్న వెంటనే వెనక్కి తిరిగాడు. "ఇనుండ్రి! కండ్ల డాక్టర్ కాదట! చెవుల డాక్టరట!"

చెవుల్లో దూదులున్నవాళ్ళంతా కళ్ళవాళ్ళను తోసుకుంటూ ముందుకొచ్చారు. అసలే వినబడని మనుషులు, ఆగమంటే ఎట్లా ఆగుతారు?

"చెవుల డాక్టర్ను గూడ కాదయ్యా!"

"గదీ కాదట" అన్నాడు భూమన్న. ఈసారి గొంతు తగ్గింది. "ఇగ మిగిలింది కోసే డాక్టరే."

దాంతో జొన్నచేలోకి రెండో విడత బయలుదేరింది. ఎర్ర కాగితాలున్న పిల్లల తల్లులు ఏడుపు అందుకున్నారు. చాయ్ పెట్టిన గిన్నె ఎవరి కాలికో తగిలి ఒలికిపోయింది. చేతుల కుర్చీ తాడు తెగి కూలింది. జలపతిరావు ఆశీర్వాదాన్ని చెయ్యి పట్టి లోపలికి గుంజాడు.

"ఏందయ్యా గీ పరేషాన్? పాఠమన్నవు, జాతర పెట్టినవు!"

గోదావరి వంతెన మీది బస్సు వెనక్కి మళ్ళడం ఆశీర్వాదానికి స్పష్టంగా కనబడింది. బయటికొచ్చి తనకు తెలిసిన ఒక్క తోవలో, మగ్దలేనమ్మ మెచ్చుకునేంత గొంతుతో, ఇది బడి, ఇది పాఠం, డాక్టరు లేడు అని అరిచాడు. ఎవరూ వినలేదు. అప్పుడాయన అరవడం మానేశాడు. మూడు వరుసల్లో బిగుసుకుని కూర్చున్న పిల్లల దగ్గరికి పోయి, వాళ్ళ మధ్యలో గొంతుక్కూర్చున్నాడు.

"పిల్లలూ, మన ముసలోళ్ళకు ఎవరికెంత కనబడుతదో మనకే తెల్వాలె. ఎట్ల తెలుసుకుందాం?"

పిల్లలు లేచారు, వరుసలు పోయాయి. చేతులతో మాత్రమే నేర్చుకుంటాడని ఎర్ర కాగితం పెట్టిన పోచన్న, కూలిన కుర్చీ మీదికెక్కి, ఎవరినీ కొయ్యరని, చూపు చూడడమే పాఠమని గోండీలో పాటలా చెప్పాడు. ఏడుస్తున్న తల్లులు కూడా నవ్వారు. విని మాత్రమే నేర్చుకుంటుందని తెల్ల కాగితం పెట్టిన భూమన్న బిడ్డ లింగుబాయి సుద్ద తీసుకుని, సారు పట్టుకొచ్చిన బొమ్మలకంటే పెద్దవి, తరువాత చిన్నవి, ఇంకా చిన్నవి, వరుసగా నల్లబల్ల మీద గీసింది. ఆకుపచ్చవాళ్ళు ముసలివాళ్ళ చేతులు పట్టుకుని తెచ్చి, నేల మీద గీసిన గీత దగ్గర నిలబెట్టారు. ఒక్కరంటే ఒక్కరు కాగితం చెప్పినట్టు చేయలేదు. బస్సు వేళకు మేడం చెప్పబోయింది బహుశా ఇదే అయి ఉంటుంది.

మాటిచ్చినట్టే మొదట కిష్టవ్వను పిలిచారు.

"అవ్వా, గదేంది?"

"కుక్క."

"కుక్క కాదు, మ్యాక!"

"నువ్వు మ్యాకను సక్కగ గియ్యకపోతె నా కండ్లదేం తప్పు? కొమ్ములేవి?"

లింగుబాయి పోయి కొమ్ములు పెట్టి వచ్చింది. "ఇప్పుడు మ్యాక" అని కిష్టవ్వ ఒప్పుకున్నది. ఆ కింది బొమ్మలు మాత్రం ఆమెకు కనబడలేదు. ఎవరూ చెప్పకుండానే పోచన్న తన అంగీ మీది ఎర్ర కాగితం తీసి నాయనమ్మ కొంగుకు గుచ్చాడు. అట్లా పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పిల్లల కాగితాలన్నీ పెద్దల మీదికి చేరాయి. ఎవరికి చూపు తగ్గింది, ఎవరికి చెవి మందగించింది అన్నది ఊరికంతా తెలిసింది. కన్ను ఎట్లా చూస్తుందో, ఎందుకు చూడలేకపోతుందో పిల్లలు అడగడం మొదలుపెట్టారు. ఇంతకుముందు ఆ బడిలో ప్రశ్నలు అడిగేది సారే.

జొన్నచేలో నుంచి కూడా ఒక్కొక్కరే వచ్చి వరుసలో నిలబడ్డారు. వెనక గోడకు ఆనుకుని చూస్తున్న జలపతిరావును కూడా లింగుబాయి వదల్లేదు.

"సారూ, గా కింది బొమ్మ ఏంది?"

"గుర్రం" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కుండ సారూ." లింగుబాయి నవ్వకుండా, ఆకుపచ్చ కాగితం ఒకటి ఆయన కోటుకు గుచ్చింది.

సాయంత్రం జనం పోయాక ఇద్దరూ బడి మెట్ల మీద కూర్చున్నారు. "ఏండ్ల సంది వెనక బెంచీల కూసుండి, బోర్డు మీద ఏం రాసినా బాగున్నదనే రాస్తున్ననయ్యా" అన్నాడు జలపతిరావు మెల్లగా. "ఇయ్యాల మాత్రం నిజంగ చూసిన. పోయినంక రాస్త."

ఆశీర్వాదం దగ్గరికి జరిగాడు. బదిలీ మాట ఇన్‌స్పెక్టర్ సారే ఎత్తుతున్నాడు.

"గీ సారును గీ ఊరు నుంచి కదిలియ్యొద్దని రాస్త. గట్టిగ రాస్త."

"సార్, నాకొక బిడ్డున్నది" అన్నాడు ఆశీర్వాదం. "దానికి నా ఫోటో చూపెట్టిన్రు, నేర్వలే. నా గురించి రోజూ చెప్పిన్రు, నేర్వలే. మేడం చెప్పిన మూడు తీర్లల్ల మూడోదొక్కటే మిగిలింది సార్. అది దూరం నుంచి అయ్యేది కాదు."

జలపతిరావు కోటు మీది ఆకుపచ్చ కాగితాన్ని తడుముకున్నాడు. "నాకు సమజైంది. కని నిన్ను పంపిస్తె ఇక్కడికి ఎవరొస్తడు, చెప్పు" అన్నాడు. మంచివాడు కనుక ఇన్‌స్పెక్టర్ ఇంకో పని చేశాడు: ఉట్నూరు ఆఫీసుకు పోయి కూర్చుని, నిజమైన కంటి డాక్టరును లింగుగూడకు పంపించాడు. ఆపరేషన్ చేయించుకుని, అద్దాలు పెట్టుకున్న కిష్టవ్వ నేరుగా బడికి వచ్చి, ఆశీర్వాదాన్ని కిందికీ మీదికీ చూసింది. "ఓరి బిడ్డా! గింత చిన్న పిల్లగానివా నువ్వు? గొంతు విని పెద్దమనిషివనుకున్న. గీ వయసుల ఒక్కనివే ఎందుకుంటున్నవ్?"

క్రిస్మస్ సెలవులకు ఆశీర్వాదం హుస్నాబాద్ పోయాడు. రూతు మొదట తలుపు చాటుకు పోయింది. ఈసారి ఆయన పిలవలేదు, ఏమీ అడగలేదు. ఆమెకు స్నానం చేయించాడు, అన్నం కలిపి పెట్టాడు, భుజాల మీద ఎక్కించుకుని అంగడంతా తిప్పాడు. సంచిలో మిగిలిన రంగు కాగితాలు ఆటకు ఇస్తే, పిల్ల వెతికి వెతికి ఎర్రది తీసి, తండ్రి అంగీ జేబులో కుక్కింది. సెలవులు అయిపోయిన నాడు, బస్సు కిటికీ కింద తల్లి చంకలో ఉండి, ఎవరూ నేర్పకుండా, ఎవరూ అడగకుండా, "బాపూ" అన్నది. అప్పటికే బస్సు కదిలింది. ఆశీర్వాదం కిటికీలో నుంచి వంగి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇంజను చప్పుడులో వాళ్ళకు వినబడలేదు, అంత గొంతు ఉండి కూడా.

సంతోషమ్మ అప్పుడు ఒక సంగతి చెప్పలేదు: ఆయనే రాలేకపోతే తానే ఉట్నూరు పోతానని ఆమె కూడా బదిలీకి అడిగి ఉన్నది. ఈ నర్సు లేకపోతే ఆస్పత్రి నడవదని అక్కడి పెద్ద డాక్టరు గట్టిగా రాశాడట. కనుక ఎప్పుడైనా మీ పనిని ఎవరైనా పొగిడితే, సంతోషించేముందు ఒక్కసారి సంతోషమ్మను తలుచుకోండి; ఆ పొగడ్తను కాగితం మీద పెట్టవద్దని బతిమాలుకోండి.